తవ్వెడు గిద్దెడయ్యేదాకా

మా ఇంట్లో కషాయం కుండకి వేరే పని ఉండేది కాదు. పప్పు వండిన కుండలో కషాయం కాచకూడదు, కషాయం కాచిన కుండలో ఇంకేదీ వండకూడదు. కుమ్మరి దగ్గర్నించి కొత్తది తేగానే ఓ రోజంతా నీళ్ళలో నానబెట్టి, గంజి పోసి కాచి పారబోసి, ఎండలో ఆరబెట్టి, వెనక వసారాలో బోర్లించేవాళ్ళు. కొన్నాళ్ళకి దానికి చేదు పట్టేసేది. మట్టికి పట్టిన చేదు ఎంత తోమినా పోదు. అప్పుడింక దాన్ని పారేసి కొత్తది తెచ్చుకోవడమే. “జొరానికి కాచిన సరుకు దగ్గుతో వచ్చినవాడి కడుపులోకి ఎందుకు పోవాలే?” అనేవాడు చిన్నతాతయ్య.

ఆయన మా తాతయ్యకి తమ్ముడు. కృష్ణా డెల్టాలో కాలవ పక్కన చిన్న పల్లె మాది. బడిపంతులు ఉద్యోగం చేసుకుంటూనే ఇంటి వైద్యం చేసేవాడు. డబ్బు పుచ్చుకునేవాడు కాదు. పెసలో, మినుములో ఎవరైనా తెచ్చి అరుగు మీద పెడితే మటుకు వద్దనేవాడు కాదు. ఎర్రగుడ్డలో చుట్టిన బసవరాజీయం అనే వైద్యగ్రంథం ప్రతి ఒకటి, చిల్లులు పడిన నోటుపుస్తకం ఒకటి, కరక్కాయలున్న డబ్బా ఒకటి. ఆయన ఆస్పత్రి అంతా అదే.

కషాయం కాయడమంటే పొద్దున్న సగం దాని కిందే పోయేది. ముందు దంచడం. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, తుంగగడ్డలు, పర్పాటకం, నేలవేము, బొటనవేలి లావున తిప్పతీగ ముక్కలు. జొరం కషాయానికి మా ఇంటి సరంజామా ఇంచుమించు ఇది. అన్నీ రోట్లో కచ్చాపచ్చాగా నలగాలి. మెత్తగా నూరితే ఆయన ఊరుకునేవాడు కాదు. పొడైతే అడుగంటుతుంది, వడగట్టినా గుడ్డలోంచి దిగిపోతుంది. మందు నీళ్ళు తాగాల్సినవాడు మందునే తాగేస్తాడు.

తర్వాత కొలత. ముందు గిద్దెడు నీళ్ళు కుండలో పోసి, కడిగిన చీపురుపుల్ల నిలువునా ముంచి, తడిసినంత మేర గోటితో నొక్కి గుర్తు పెట్టేవాడు. ఆ తర్వాత తక్కిన ఏడు గిద్దెలూ పోసేవాడు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ. తవ్వెడు నీళ్ళు గిద్దెడు కావాలి. పొయ్యిలో పిడకల సెగ, మంట లేవకూడదు. కుండకి మూత పెట్టడానికి వీల్లేదు. మధ్యమధ్య పుల్ల ముంచి చూస్తూ, నీళ్ళు గోటి గాటు దగ్గరికి దిగగానే దించెయ్యాలి. పుల్ల పట్టుకుని పొయ్యి దగ్గర కాపలా కూర్చునే పని పిల్లలది. కళ్ళు మండేవి, బయట గోలీలాట చప్పుడు వినిపిస్తుండేది, నీళ్ళు దిగేవి కావు. మంట ఎగదోస్తే వాసన పట్టేసి అక్కణ్ణించే అరిచేవాడు.

ఇదంతా ఆయన సొంత చాదస్తం అనుకునేదాన్ని. పదహారు రెట్లు నీళ్ళు పోసి, మూత లేని పాత్రలో, సన్నసెగ మీద ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచాలని శార్ఙ్గధర సంహితలో రాసి ఉందని పెద్దయ్యాక తెలిసింది. ఆకు మెత్తనిదైతే నీళ్ళు తగ్గుతాయి, వేరు గట్టిదైతే పెరుగుతాయి. తులసి, వాము లాంటి వాసన సరుకుకి ఈ కాపు అసలు పనికిరాదు, వాసనతోపాటు గుణమూ పోతుంది. వాటి మీద మరిగిన నీళ్ళు పోసి, కాసేపుంచి వడగట్టుకోవాలి. దాని పేరు ఫాంటం. రాత్రి చన్నీళ్ళలో నానేసి పొద్దున్నే పిసికి వడగట్టేది హిమం. వేసవిలో మా నాయనమ్మ చేసే ధనియాల నీళ్ళు ఈ హిమమే. పటికబెల్లం వేసి ఇస్తే మేం ఎగబడి తాగేవాళ్ళం. అయితే దానికి వాడేవి కాచి చల్లార్చిన నీళ్ళు. తాగడం పరగడుపునే. పొద్దెక్కాక మిగిలింది పశువుల కుడితిలోకి పోవాల్సిందే. కషాయానిదీ అదే చట్టం, పొద్దున కాచింది రాత్రికి ఉండకూడదు.

నేను కెమిస్ట్రీ చదువుకుని, కాలేజీలో అదే పాఠం చెప్పి రిటైరయ్యాను. నన్నడిగితే ఆ రోజుల్లో కషాయం చేసిన మేలులో సగం మరిగిన నీళ్ళదే. ఊరంతా తాగేది చెరువు నీళ్ళు. వానాకాలం బురద నీళ్ళు వస్తే చిల్లగింజ బిందె లోపల అరగదీసేవాళ్ళు. మురికి అడుక్కి దిగి నీళ్ళు తేటపడేవి, కానీ కలరా పురుగు తేటనీటిలో కూడా దాక్కోగలదు. జబ్బుపడ్డవాడి లోపలికి ఆ రోజు వెళ్ళిన నీళ్ళన్నీ పొయ్యి మీద నుంచి దిగినవైతే, ఆ మేరకి వాడు అదృష్టవంతుడే. మూలికల సంగతీ అంతే. నేల మీద ఆరబోసిన వేరుకి మట్టీ ఉంటుంది, పేడా ఉంటుంది, బూజూ ఉంటుంది. అంతసేపు మరిగితే వాటిలో ఉన్న క్రిములు చాలావరకు చస్తాయి. బూజు వదిలిన విషం మటుకు అంత తేలిగ్గా పోదు. అందుకే కాబోలు బూజు వాసన తగిలిన శొంఠిని చిన్నతాతయ్య రోట్లో పడనిచ్చేవాడు కాదు.

లోహం అంటేనే ఆయనకి గిట్టదు. ఇళ్ళలో అప్పుడంతా ఇత్తడి, రాగి. పులుసు పెట్టాలన్నా, చారు కాచాలన్నా లోపల కళాయి ఉండాలి, లేకపోతే చిలుము పుడుతుంది. చిలుము కడుపులో పడితే వాంతులు. పంటలు ఇళ్ళకొచ్చాక కళాయివాడు వచ్చి రావిచెట్టు కింద గొయ్యి తీసి, తిత్తి పాతి, బొగ్గులు రాజేసేవాడు. గిన్నెని ఎర్రగా కాల్చి, నవాసారం చల్లి, తెల్లటి పొగ ఎగుస్తుండగా తగరం ముక్క అంటించి, పాతగుడ్డ ఉండతో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపలంతా వెండి. మేం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం. నాయనమ్మ మాత్రం తెల్లగుడ్డ ముక్క చేత పట్టుకుని నిలబడేది. చల్లారిన గిన్నెని ఆ గుడ్డతో రుద్ది, నల్లగా అంటితే తగరంలో సీసం కలిపావని తగువు వేసుకునేది. సీసం ఒంట్లో చేరితే నరాల్ని, నెత్తుటిని తింటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నల్లది తెల్లగుడ్డకి అంటడం ఆవిడకి నచ్చదు, అంతే. స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది, కళాయివాడు రావడం మానేశాడు. ఇందులో నాకు బెంగేమీ లేదు. కషాయానికి స్టీలు గిన్నె ఏ కుండకీ తీసిపోదు, పైగా చేదు పట్టదు.

బెంగ ఉన్నది సాన మీద. బాలింత గదిలో గుండ్రటి సానరాయి, వెండి ఉగ్గుగిన్నె, గుడ్డలో చుట్టిన వసకొమ్ము, కరక్కాయ, జాజికాయ ఉండేవి. నాయనమ్మ వసకొమ్ముని ఆముదం దీపం మీద పట్టి పైన నల్లగా మాడేదాకా కాల్చేది. తర్వాత సాన మీద నాలుగు చుక్కలు చనుబాలు పిండించి, కొమ్ముని రెండు చుట్లు తిప్పేది. మూడో చుట్టు పడనిచ్చేది కాదు. ఆ మరకని చూపుడువేలితో తీసి పిల్లాడి నాలిక్కి రాసేది. మాటలు త్వరగా వస్తాయని నమ్మకం. మా తమ్ముడు వసపిట్టలా వాగుతుంటే ఆ ఘనత అంతా తనదేనని చెప్పుకునేది.

వసలో బీటా అసరోన్ అని ఒకటుంది. వస నూనె తిన్న ఎలుకల పేగుల్లో కంతులు లేచాయని తేలాక అమెరికా ప్రభుత్వం 1968లో వసని ఆహార పదార్థాల్లో కలపకూడదని నిషేధించింది. మన దేశపు వసలో ఆ పదార్థం పాలు ఎక్కువ కూడాను. ఇది చదివినప్పుడు నాకు మొట్టమొదట గుర్తొచ్చింది ఆముదం దీపం. అసరోన్ వేడికి ఆవిరై పోయే రకం. కొమ్ము కాలుతున్నప్పుడు గదంతా నిండే ఆ ఘాటు వాసనలో అదీ ఉండే ఉంటుంది. కాల్చడం, రెండే చుట్లు, గోటిమీద పట్టేటంత మరక. ఈ మూడింటి చాటున మేం బతికిపోయామేమో. అలాగని దాన్ని మళ్ళీ తెచ్చుకోమని ఎవరికీ చెప్పను. ఆర్నెల్లదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పట్టొద్దంటున్న పిల్లల డాక్టర్లతో నాకు పేచీ లేదు. కానీ ఇప్పుడు బజార్లో దొరికే వసపొడి డబ్బాలో కాల్చడమూ లేదు, చుట్ల లెక్కా లేదు. చెంచాతో తీసి తేనెలో రంగరించమని చుట్టాలు సలహా ఇస్తుంటారు. ఏడాది లోపు పిల్లలకి తేనే ప్రమాదం, దాంట్లో పచ్చి వస.

పోగొట్టుకున్న జాబితాలో నాకు అన్నిటికంటే గట్టిగా గుర్తున్నది పెరటి మూల పనస చెట్టు కింద నానే మూకుడు. దాంట్లో నాభి దుంప ముక్కలు గోమూత్రంలో ఉండేవి. మూడు రోజులు, ఏ రోజుకారోజు పాతది పారబోసి కొత్తది పోసి, ఎండలో పెట్టి, ఆఖర్న పాలలో ఉడికించేవాడు. పారబోసేది కూడా గొయ్యి తీసి పూడ్చేవాడు. ముష్టి గింజలకైతే ఇంకా పెద్ద తంతు. నానబెట్టి, పాలలో ఉడికించి, తొక్క వలిచి, పప్పు మధ్యనున్న మొలక తీసేసి, నేతిలో వేయించాలి. ఆ రోజు మమ్మల్ని పెరట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు, కోళ్ళని కూడా గంప కింద మూసేవాళ్ళు. ఇవి కషాయంలో పడే సరుకు కాదు, ఆవగింజంత మాత్రల్లోకి పోయేవి. బురద నీళ్ళని తేర్చే చిల్లగింజదీ, స్ట్రిక్నిన్ ఉన్న ముష్టి గింజదీ ఒకటే కుటుంబం. ఒకదాన్ని బిందెలో వేసి తాగుతాం, ఇంకోదాన్ని చూసి కోళ్ళని మూస్తాం.

నాభిలోని అకొనిటిన్ గుండె లయని చెడగొట్టి మనిషిని గంటల్లో చంపగలదు. నీళ్ళలో ఎక్కువసేపు మరిగితే అది విడిపోయి, విషం చాలా తక్కువున్న పదార్థాలుగా మారిపోతుంది. చైనా వాళ్ళు ఈ జాతి దుంపని నేరుగా కషాయంలోనే వాడతారు. కాకపోతే ముందు శుద్ధి చేసిన దుంపని గంటదాకా విడిగా మరిగించి, ఆ తర్వాతే తక్కిన మూలికలు వేస్తారు. ఆ గంటని అరగంట చేసినవాళ్ళు, పచ్చి దుంప వేసుకున్నవాళ్ళు ఆస్పత్రుల పాలైన కేసులు హాంకాంగ్ వైద్యులు ఎన్నో రాశారు. మన దేశంలో మందుల చట్టం నాభి, ముష్టి, ఉమ్మెత్త, గురివింద లాంటివాటిని విషాల పట్టికలో చేర్చి, అవి కలిసిన ఆయుర్వేద మందు మీద హెచ్చరిక ముద్రించాలంటుంది. మా ఇంట్లో ఆ హెచ్చరిక పని కోళ్ళగంప చేసేది.

పాతవాళ్ళకి అన్నీ తెలుసు అనే మాట నేను ఒప్పుకోను. మా ఊళ్ళో చెరువు గట్టు నిండా గాడిదగడపాకు. నులిపురుగులకని పిల్లలచేత దాని రసం తాగించనివాళ్ళు లేరు. యానాది ముసలావిడ పాముకాటుకని తెచ్చే ఈశ్వరి వేరు కూడా ఆ జాతిదే. రెంటిలోనూ అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. ఎంత కాచినా దాన్ని నమ్మడానికి లేదు, ఏ శుద్ధీ దానికి పూర్తిగా విరుగుడు కాదు. మెల్లగా మూత్రపిండాల్ని ఎండగడుతుంది, ఏళ్ళ తర్వాత మూత్రనాళంలో క్యాన్సర్‌గా బయటపడుతుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందులో ఒక మూలికకి బదులు ఈ జాతి మూలిక కలిసిపోయి, వందమంది దాకా ఆడవాళ్ళ మూత్రపిండాలు చెడిపోయాయి. ఆకు నమిలిన సాయంత్రమే వాంతైతే, ఎవరో ఒకరు దాన్ని చెడ్డాకు అని పేరుపెట్టి ఉండేవాళ్ళు. ఇరవయ్యేళ్ళ తర్వాత వచ్చే జబ్బుని పసిగట్టే పద్ధతి ఏ రోటి దగ్గరా లేదు. చిన్నతాతయ్యకీ తెలియదు.

ఆయనకి తెలిసిన ఇంకో విద్య అడగడం. దగ్గుకి అడ్డసరం ఆకు కషాయం ఊరంతటికీ తెలుసు. దానికి కూడా ఆయన చెయ్యి చూడందే ఇచ్చేవాడు కాదు. ఆడమనిషైతే నాయనమ్మని లోపలికి పంపి, నెల తప్పిందేమో కనుక్కోమనేవాడు. తప్పితే అడ్డసరం లేదు, శొంఠి, మిరియం, తాటిబెల్లంతో సరి. అడ్డసరంలోని వాసిసిన్ గర్భసంచిని బిగపట్టిస్తుందని ఇవాళ పుస్తకాల్లో ఉంది. ఆయన ఆ పేరు వినలేదు. తెలుసున్న మనిషి ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగి, గిద్దెడు కాచి, తాగేదాకా చూసి పంపడమే ఆ వైద్యం. పైగా ఆ గిద్దెడు గొంతు దిగడమే గగనం. చేదు పుణ్యమాని రెండో గిద్దె ఎవరూ అడగలేదు.

ఆయన పోయాక నోటుపుస్తకం నా చేతికొచ్చింది. సరుకుల పేర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి, తూకాలు కూడా చాలాచోట్ల ఉన్నాయి. కాపు దగ్గరికొచ్చేసరికి ప్రతి పేజీలోనూ ‘కాచి ఇవ్వవలెను’ అన్న ముక్కే. పుల్ల లేదు, గోటి గాటు లేదు, మూత తీసి ఉంచమన్న మాట లేదు. అందరికీ తెలిసిందే కదా అనుకుని ఉంటాడు.

ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాక పాతబస్తీలో ఇదే పద్ధతి ఉర్దూలో కనిపించింది. చార్మినార్ పక్కనున్న యునానీ ఆస్పత్రి ముందు అత్తార్ దుకాణాల్లో జలుబుకి జోషాందా పొట్లం కట్టిచ్చేవాళ్ళు. ఉన్నాబ్ పళ్ళు, మనం నక్కెర కాయలనే సపిస్తాన్, బనఫ్షా పూలు, అతిమధురం. రాత్రి వేణ్ణీళ్ళలో నానేసి, పొద్దున్న కాచి, చేత్తో పిసికి, గుడ్డలో వడగట్టి కలకండ వెయ్యమని దుకాణం పెద్దాయన ఓపిగ్గా చెప్పేవాడు. నాలుగు రోజులకే కట్టిచ్చేవాడు. వారానికి సరిపడా ఇమ్మంటే, “అప్పటికీ తగ్గకపోతే హకీం సాబ్‌కి చూపించుకోమ్మా” అనేవాడు. ఇప్పుడదే పేరుతో వేణ్ణీళ్ళలో కలిపేసుకునే చక్కెర పొట్లాలు ఏ మందుల షాపులోనైనా దొరుకుతున్నాయి, ఎన్నైనా ఇస్తారు.

2020లో కరోనా భయంతో కషాయం మళ్ళీ అందరి ఇళ్ళకీ వచ్చింది. కేంద్ర ఆయుష్ శాఖ చెప్పిన క్వాథం నిజానికి చాలా నెమ్మదైనది. తులసి నాలుగు పాళ్ళు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి. ఆ పొడి మూడు గ్రాములు, 150 మిల్లీలీటర్ల నీళ్ళు, రోజుకి ఒకటి రెండుసార్లు. మా అపార్టుమెంటులో కాచింది వేరు. ప్రెషర్ కుక్కర్లో గుప్పెడు మిరియాలు, గుప్పెడు లవంగాలు, బజార్లో దొరికిన చెక్క, గోడమీద పాకిన ఏ తీగైతే ఆ తీగ. మూడు విజిల్స్. మూత బిగించాక ఎగిరిపోవాల్సింది ఎగరదు, నీళ్ళు ఎంతకి దిగాయో కనపడదు. దాన్ని ఫ్లాస్కులో పోసి గోరువెచ్చగా సాయంత్రందాకా తాగేవాళ్ళు, నెలల తరబడి. నోరు పూసినవాళ్ళు, కడుపు మండినవాళ్ళు లిఫ్టులో కనపడితే వేడి చేసిందమ్మా అనుకునేవాళ్ళు. ఆ ఏప్రిల్లోనే చిత్తూరు జిల్లాలో ఏదో వీడియో చూసి ఉమ్మెత్త కాయల రసం తాగినవాళ్ళు పిల్లలతో సహా ఆస్పత్రిలో చేరారు. మరుసటి ఏడు ముంబై వైద్యులు తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు ప్రచురించారు. అది తిప్పతీగ కాదు, దాన్ని పోలిన మరో తీగ అయి ఉండొచ్చని ఆయుష్ శాఖ అంది. ఆ వాదన పూర్తిగా తెగలేదు. మా ఊరి యానాదులు తిప్పతీగ తెస్తే చిన్నతాతయ్య గోటితో పైపొర గీకి, లోపలి పచ్చదనం చూసి, ఓ ముక్క నమిలి, అప్పుడు తీసుకునేవాడు. కాండమంతా బుడిపెలుంటే వెనక్కి ఇచ్చేసేవాడు.

మొన్న మా అన్నయ్య కూతురు డాలస్ నుంచి ఫోన్ చేసింది. దగ్గు తగ్గట్లేదట, ఇండియన్ స్టోర్లో కషాయం పొడి కొన్నదట, వాడొచ్చా అని.

“దాంట్లో ఏమేం ఉన్నాయో చదువు తల్లీ.”

చదివింది. మొదటి పేరే అతిమధురం.

“నీకు బీపీ మాత్ర ఇంకా నడుస్తోందా?”

“నడుస్తోంది అత్తయ్యా. దానికీ దీనికీ ఏంటి?”

అతిమధురం రోజూ పడితే ఒంట్లో ఉప్పు నిలిచి బీపీ పెరుగుతుందనీ, పొటాషియం పడిపోతుందనీ చెప్పాను. డబ్బా పక్కన పెట్టి, ముందు ఆ దగ్గు మీ డాక్టరుకి చూపించు, బీపీ మాత్రల్లో కొన్నిటికి దగ్గు వస్తుంది, నీది ఆ రకమేమో అడుగు అన్నాను. అటు నుంచి కాసేపు మాట లేదు. మాత్ర మార్చింది పోయిన నెలలోనేనట.